చరణానికో నిమిషం

తాడేపల్లిగూడెం,
11 జూన్ 2007.

అత్తా,

వందనాలు. అవి ముందు లేకపోతే నువ్వు ఉత్తరం చదవవని రాస్తున్నాను. మిగతాదంతా కోపమే.

మొన్న జేమ్స్ చేపల మేతకి తవుడు కావాలని మా మిల్లుకి లారీ తెచ్చాడు. లారీని కాటా ఎక్కించి, నా కిటికీ దగ్గర నిలబడి, "మన చర్చికి లాప్‌టాప్ వచ్చిందిరోయ్. ఇక పాటలన్నీ దాంట్లోంచేనంట. మీ అత్తకి రిటైర్మెంటు!" అన్నాడు. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కొత్తలంక చర్చిలో చరణం అందించేది నువ్వు. పుస్తకం చదవలేని వాళ్ళు సగం మంది. నువ్వు ఒక ముక్క పాడతావు, వాళ్ళు ఆ ముక్క అందుకుంటారు. వాళ్ళ ఊపిరి అయిపోయేలోపు నువ్వు తర్వాతి ముక్క అందిస్తావు. ఊరంతా పాటలు నేర్చుకున్నది నీ నోట్లోంచే. ఇప్పుడు నిన్ను లేపేసి ఆ చోట పెట్టెని కూర్చోబెడతారా?

కిందటేడు కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు చేపల చెరువుల గట్లు యంత్రాలు తెచ్చి కొట్టేశారు. నా పని పోయింది. నేను వచ్చి ఇక్కడ పడ్డాను. ఇప్పుడు నీ వంతా? కిందటి క్రిస్మస్‌కి చర్చి కమిటీ వాళ్ళతో గొడవపడి ఆ గుమ్మం తొక్కనన్నాను. మంచిపనే చేశాను.

ఇంకో సంగతి. పాపమ్మ మామ్మ సెల్లుకి ఫోన్ చేస్తే నువ్వు రావడం లేదు. "పిలిచానయ్యా. తల అడ్డంగా ఊపేసింది. నేనేం చెయ్యనూ?" అంటోంది మామ్మ. నా మీద కోపమైతే కోపమని రాయి.

నీ మేనల్లుడు,
ఏసోబు.


కొత్తలంక,
16 జూన్ 2007.

ఒరేయ్ ఏసోబూ,

దేవుని కృప నీ మీదా, నీ నోటి మీదా ఉండాలి. ముఖ్యంగా నోటి మీద.

నేను బాగానే ఉన్నాను. వానలు మొదలయ్యాయి. రోడ్డు మీదికి నీళ్ళు రాలేదు గానీ, హాస్టల్ వంటింట్లో పుల్లలన్నీ తడిసి పొగ పెడుతున్నాయి. నీకు మామిడికాయ పచ్చడి జాడీ జేమ్స్‌తో పంపుతాను. మూత ఊడకుండా గుడ్డ కట్టాను. వాడు దారిలో విప్పి చూస్తాడేమో, ముడి సరిగ్గా ఉందో లేదో చూసుకో.

లాప్‌టాప్ వచ్చిన మాట నిజమే. నల్లగా, పలకల పెట్టెలా ఉంది. మన పాస్టరు అయ్యగారికి అది తెరవడమూ, మూయడమూ వచ్చు. నీకు కంప్యూటర్ వచ్చని కిందటి పండక్కి ఊరందరికీ చెప్పావు కదా. అయితే రాయి. దీన్ని ఎలా లేపాలి, ఎలా పడుకోబెట్టాలి? ఏ బటన్ దేనికి? మనిషి గొంతు దాంట్లోకి ఏ కన్నంలోంచి వెళ్తుంది? వెళ్ళాక మళ్ళీ బయటికి ఎలా వస్తుంది?

తొందరగా రాయి. తిట్లు తర్వాత రాయొచ్చు, బటన్లు ముందు రాయి.

ఫోన్ సంగతి ఇప్పుడు అడగకు.

మీ అత్త,
వరమ్మ.


తాడేపల్లిగూడెం,
21 జూన్ 2007.

అత్తా,

వందనాలు. పచ్చడి అందింది. ముడి విప్పి మళ్ళీ కట్టినట్టే ఉంది. జేమ్స్‌ని అడిగితే "వాసన చూశాన్రా బాబూ, అంతే" అన్నాడు. వాసన చూస్తే జాడీ అంత దిగుతుందా?

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నీ పని లాక్కునే పెట్టెని లేపడం, పడుకోబెట్టడం నువ్వే నేర్చుకుంటావా? అయ్యగారు నీ చేతే నేర్పించుకుంటున్నారన్నమాట. సరే. అడిగింది నువ్వు కాబట్టి చెబుతున్నాను, ఆయన కోసం కాదు.

ముందు కింద ఉండే డబ్బా మీద పెద్ద బటన్ నొక్కు. తర్వాత తెర కింద ఉన్న బటన్ నొక్కు. రెండూ వెలగాలి. ఆ తర్వాత కీబోర్డు కుడి పక్క నమ్ లాక్ అని ఉంటుంది. అది నొక్కి దీపం వెలిగిందో లేదో చూసుకో. ఇది మరిచిపోకు. నేను పొద్దున్నే కాటా గదిలోకి వెళ్ళి మొదట చేసే పని అదే. లేకపోతే ఒక్క లారీ బరువూ పడదు.

ఇక గొంతు. మౌస్‌తో స్టార్ట్ నొక్కు. ప్రోగ్రామ్స్, అందులో యాక్సెసరీస్, అందులో ఎంటర్‌టైన్‌మెంట్, అందులో సౌండ్ రికార్డర్. ఎర్ర చుక్క నొక్కితే ఎక్కుతుంది. మైకు గుచ్చే కన్నం వెనకాల గులాబీ రంగులో ఉంటుంది. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. లారీలు లేనప్పుడు ఆ కంప్యూటర్‌లో ఉన్న గదులన్నిట్లోకీ దూరి చూశాను. గుమస్తా చూసి రెండుసార్లు తరిమాడు.

ఫోన్ సంగతి అడగొద్దన్నావు. అడగను. కానీ మనసులో పెట్టుకుంటాను.

ఏసోబు.


కొత్తలంక,
28 జూన్ 2007.

బాబూ ఏసోబూ,

నీకు ఆయురారోగ్యాలు కలగాలి, కాస్త ఓపిక కూడా.

నువ్వు రాసిన కాగితం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కింద ఉండే డబ్బా అన్నావు. కింద డబ్బా లేదు, పీట ఉంది. తెర కింద బటన్ అన్నావు. తెర కింద కీబోర్డే ఉంది. మౌస్ లేదు. దాని బదులు అరచెయ్యంత నున్నటి చదరం ఉంది. దాని మీద వేలు పెట్టి జరిపితే తెర మీద బాణం జరుగుతోంది. నా వేలు హాస్టల్ వంటతో గరుకెక్కింది కదా, బాణం ఎండిపోయిన గట్టు మీద పీతలా ఆగి ఆగి పోతోంది. చీర చెంగుతో తుడుచుకుని చేస్తే బాగా కదిలింది. చదరం కింద రెండు బద్దలున్నాయి. ఎడమది నొక్కితే పని జరుగుతోంది. కుడిది నొక్కితే ఏదో జాబితా దిగుతోంది. భయమేసి వదిలేశాను.

పెట్టె ముందు అంచున అటూ ఇటూ జరిపే చిన్న మీట ఉంది. జరిపితే నీలం దీపం. తిరిగి జరిపితే దీపం పోయింది. ఏం చేశానో తెలీదు. ఎఫ్ ఎన్ అని నీలం అక్షరాల బటన్ ఉంది. అది ఒక్కటీ నొక్కితే ఏమీ లేదు. దాన్ని పట్టుకునే పక్కన సూర్యుడి బొమ్మ నొక్కాను కాబోలు, తెరంతా మబ్బు పట్టినట్టయింది. అయ్యగారు వచ్చి, "ఏంటమ్మా వరమ్మా, దీనికి చత్వారం వచ్చిందా?" అన్నారు.

నమ్ లాక్ మాత్రం నువ్వు చెప్పినట్టే వేశాను. దీపం వెలిగింది. కానీ నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఎమ్ ఉండాల్సిన చోట సున్నాలు పడుతున్నాయి. సగం అక్షరాలు అంకెలవుతున్నాయి. నువ్వు వెయ్యమన్నావని తీయలేదు.

మైకు గుచ్చే పని లేదురా. తెర పక్కన సూది బెజ్జమంత కన్నం ఉంది. ఎర్ర చుక్క నొక్కి దాని దగ్గర దగ్గాను. తెర మీద పచ్చటి గీత ఒకటి గాలికి నీళ్ళు కదిలినట్టు కదిలింది. ముందు ప్రయత్నంగా ఏవో నాలుగు మాటలు ఎక్కించి, పేరు పెట్టి దాచాను. పేరులో అంకెలు పడ్డాయి, పడనీ.

మిగతా బటన్లు రాయి.

వరమ్మత్త.


తాడేపల్లిగూడెం,
5 జులై 2007.

అత్తా,

వందనాలు.

నేను లాప్‌టాప్ ఎప్పుడూ ముట్టుకోలేదు. నువ్వు అడిగితే తెలీదనడం ఇష్టం లేక కాటా కంప్యూటర్‌ని చూసి రాసేశాను. నీ ఉత్తరం చదివి నా మీద నాకే కోపం వచ్చింది. మా ఓనరు బుల్లిరాజు గారి అల్లుడికి లాప్‌టాప్ ఉంది. వెళ్ళి, "ఒకసారి చూడనివ్వండి" అన్నాను. "చేతులు కడుక్కుని రావోయ్" అన్నాడు. చేతులకి తవుడు దుమ్ము నిజంగానే ఉంది కాబట్టి మాట అనకుండా కడుక్కుని వెళ్ళాను.

ఇప్పుడు చూసి రాస్తున్నాను, నమ్ము. నమ్ లాక్ తీసెయ్యి. అంకెలకి లాప్‌టాప్‌లో వేరే చోటు లేదు. అందుకని అక్షరాల మీదే ఎక్కి కూర్చుంటాయి. ఎమ్ సున్నా అవుతుంది, యూ నాలుగు అవుతుంది, ఓ ఆరు అవుతుంది. మాకు బరువులే కావాలి, నీకు పేర్లు కావాలి. తప్పు నాది. మళ్ళీ నమ్ లాక్ నొక్కు, పోకపోతే ఎఫ్ ఎన్ పట్టుకుని నొక్కు. ఆ నీలం బటన్ ఒంటరిగా ఏ పనీ చెయ్యదు. దాన్ని పట్టుకుని, నీలం బొమ్మలున్న ఇంకో బటన్ నొక్కాలి. పెద్ద సూర్యుడు వెలుగు పెంచుతాడు, చిన్న సూర్యుడు తగ్గిస్తాడు. ముందంచు మీట ఇంటర్నెట్‌కి. మన ఊళ్ళో దానికి పని లేదు, దీపం ఆర్పి ఉంచు, ఛార్జి మిగులుతుంది. మూత మూస్తే అది నిద్రపోతుంది. చావదు, కంగారు పడకు.

కీబోర్డు పైన వరసలో స్పీకరు బొమ్మ మీద గీత కొట్టి ఉన్న బటన్ మ్యూట్. చెయ్యి తగిలితే చాలు, పెట్టె మూగదైపోతుంది, నారింజ రంగు దీపం వెలుగుతుంది. శబ్దం రాకపోతే ముందు ఆ దీపం చూడు.

ఇక్కడిదాకా రాసి ఆపాను. జేమ్స్ లారీ వచ్చింది. కాటా వేసి మళ్ళీ రాస్తున్నాను.

వాడు నిన్ను ఏలూరు ఆసుపత్రి గేటు దగ్గర చూశాడట. పలకరిస్తే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని సైగ చేశావట. ఏమైంది నీకు? బటన్ల సంగతి పేజీలు పేజీలు రాయగలవు, ఒంట్లో బాగాలేదని ఒక ముక్క రాయలేవా? నేను ఎవరిని? అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు కాదా?

వెంటనే రాయి. లేకపోతే ఈ మిల్లు ఎలా పోతే అలా పోయిందని బస్సెక్కుతాను.

ఏసోబు.


కొత్తలంక,
9 జులై 2007.

నాయనా ఏసోబూ,

బస్సెక్కకు. కూర్చుని చదువు.

నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వే. చెబితే పని మానేసి వస్తావు. డాక్టరమ్మ మీద అరుస్తావు. ఆవిడ నెమ్మదైన మనిషి, నీ అరుపులకి తట్టుకోలేదు.

గొంతులో కాయ ఉంది. స్వరం పుట్టే చోటే ఉంది. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, "తీసెయ్యాలమ్మా. చెడ్డదిలా లేదు. కానీ తీశాక గొంతు ఇలాగే ఉంటుందని మాటివ్వలేనండీ" అంది. "చర్చిలో చరణం అందిస్తానండీ" అన్నాను. ఆవిడ దీపం ఆర్పి పక్కన పెట్టింది. తర్వాత, "ఆపరేషన్ దాకా ఉన్న గొంతుని పొదుపుగా వాడుకోండి" అంది.

అందుకే మాటలు మానేశాను. వారమంతా సైగలు చేసి, కూడబెట్టిన గొంతుతో ఆదివారం సాయంత్రం అయ్యగారింట్లో కూర్చుని పాడుతున్నాను. ఆ లాప్‌టాప్ ఎవరో ఆయనకి ప్రసంగాలు రాసుకోమని ఇచ్చారు. "ఇందులోకి నా గొంతు ఎక్కుతుందా అయ్యగారూ?" అని కాగితం మీద రాసి అడిగింది నేనే. ఆయన వెంటనే దాన్ని నా ముందు పెట్టేశారు. పాటలు దాంట్లోంచి వస్తాయన్న మాట జేమ్స్‌కి చేరింది. వచ్చేది నా గొంతేనన్న మాట చేరలేదు. నువ్వేమో ఆయన్ని తిడుతూ కూర్చున్నావు.

ఫోన్‌కి రాకపోవడం కూడా ఇందుకే. నీతో మాట్లాడటం మొదలుపెడితే నేను ఆపలేను. నువ్వూ ఆపవు. ఆ గొంతు అక్కడ ఖర్చయిపోతుంది.

ఒక చిక్కు వచ్చింది. పాట సగంలో ఉండగా ఎర్ర చుక్క దానంతటదే ఆగిపోతోంది. ఎన్నిసార్లు పాడినా అంతే. ఏ బటన్ తప్పు నొక్కుతున్నానో చెప్పు. పాట మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటి నుంచి పాడటానికి గొంతు మిగలడం లేదు.

వరమ్మ.


తాడేపల్లిగూడెం,
13 జులై 2007.

అత్తా,

నువ్వు ఏ బటనూ తప్పు నొక్కలేదు. అల్లుడుగారి లాప్‌టాప్‌లో చూశాను. ఆ రికార్డరు ఒక్క నిమిషమే పడుతుంది. నిమిషం అవగానే ఆగుతుంది. చేసినవాడికి బుద్ధి లేదు. ఒక నిమిషంలో ఎవడైనా ఏం చెప్పుకుంటాడు? ఏలూరులో వేరే రికార్డరు సీడీ దొరుకుతుందట, ఆదివారం వెళ్ళి వెతుకుతాను. అప్పటిదాకా పాడకు, గొంతు పాడుచేసుకోకు.

ఇంకొకటి. నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. గొంతు దాచుకున్నావు, సరే. పాటలకి దాచుకున్నావు, అదీ సరే. ఊరంతటికీ ఉంచావు. నాకు ఫోన్‌లో ఒక్క మాటకి లేకపోయింది. ఇలా రాయకూడదని తెలుసు. రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యడం లేదు.

ఏసోబు.


కొత్తలంక,
18 జులై 2007.

ఏసోబూ,

సీడీ కోసం తిరగకు. నిమిషం చాలు.

నువ్వు రాసింది చదివి నాకు నవ్వొచ్చింది. సైగల్లోనే నవ్వాననుకో. మనం పాటని ఎప్పుడైనా మొత్తం ఒక్కసారి పాడతామా? ఒక ముక్క అందించి ఆగుతాం. వాళ్ళు పాడతారు. మళ్ళీ ముక్క. నిమిషంలో ఒక చరణం హాయిగా పడుతుంది. ఒక్కో చరణం ఒక్కో పేరుతో దాస్తున్నాను. పేరు మీద రెండుసార్లు కొడితే ఆ చరణం పాడి, దానంతటదే ఆగుతోంది. చేసినవాడు ఎవడో గానీ, మన చర్చికి వచ్చి చూసినట్టే చేశాడు.

తప్పు పోతే ఆ ఒక్క చరణమే మళ్ళీ పాడుతున్నాను. గొంతు బాగా మిగులుతోంది. ఈ వారం ఆరాధన పాటలు అయిపోయాయి. క్రిస్మస్‌వీ, సమాధి దగ్గర పాడేవీ మిగిలాయి.

నీ చివరి నాలుగు మాటలకి జవాబు ఇప్పుడు రాయను. ఆపరేషన్ ఆగస్టు మొదటి వారం. పాపమ్మ పిన్నీ, అయ్యగారూ తోడు వస్తున్నారు. నువ్వు ఆ రోజుకి రా, కానీ నోరు ఇంట్లో పెట్టి రా.

వరమ్మ.


కొత్తలంక,
3 సెప్టెంబరు 2007.

నాయనా ఏసోబూ,

ఆసుపత్రిలో నువ్వు ఎవరినీ ఏమీ అనలేదు. నాకు స్పృహ వచ్చాక పాపమ్మ పిన్ని మొదట చెప్పింది అదే. "వరమ్మా, మీవాడు నర్సుని కూడా 'అండీ' అన్నాడే!" అని. అయ్యగారు పక్కనే ఉంటే ఆయన వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నావట. అదీ చెప్పింది.

గొంతు వచ్చింది. కానీ అందులో గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. నిన్ను తిట్టడానికి పనికొస్తుంది, పాటకి రాదు. డాక్టరమ్మ "ఇంతేనమ్మా" అంది. ఇంటికి వచ్చి ఒక పూటంతా ఏడ్చాను. తర్వాత ఛార్జి పెట్టుకున్నాను. నాకు కాదు, లాప్‌టాప్‌కి.

నిన్న ఆదివారం. ఎప్పుడూ నేను కూర్చునే చోటే చాప మీద కూర్చుని, ముందు పీట వేసుకుని, పీట మీద దాన్ని పెట్టుకున్నాను. అయ్యగారు పాట చెప్పారు. పేరు మీద రెండుసార్లు కొట్టాను. శబ్దం లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. మళ్ళీ కొట్టాను, రాలేదు. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. చూస్తే నారింజ దీపం వెలుగుతోంది. తెచ్చేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఉంటుంది. నొక్కాను. దీపం పోయింది. నా గొంతు వచ్చింది.

పాపమ్మ పిన్ని గట్టిగానే, "ఓసినీ, వరమ్మ అందులో ఉంటే ఇక్కడ కూర్చున్నదెవరే?" అంది. నవ్వులు. తర్వాత పాడారు.

ఏసోబూ, నీకొకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ చరణం అందించాను గానీ వాళ్ళు పాడుతుంటే నేను ఎప్పుడూ వినలేదు. వాళ్ళు పాడేటప్పుడు నా మనసు తర్వాతి చరణం మీద ఉండేది. నిన్న చెయ్యడానికి నాకు పనేమీ లేదు. కూర్చుని విన్నాను. మగవాళ్ళ వైపు నుంచి ఎవరిదో లోతైన గొంతు వస్తోంది, చూస్తే జేమ్స్. వాడు అంత బాగా పాడతాడని నాకు తెలీదు. పాపమ్మ పిన్ని ప్రతి ముక్కకీ అందరికంటే వెనకాల ముగిస్తుంది. అదీ తెలీదు.

చివరి పాట చివరి చరణానికి కావాలనే మ్యూట్ నొక్కి ఊరుకున్నాను. ఏం చేస్తారో చూద్దామని. ఒక్క క్షణం ఆగారు. తర్వాత వాళ్ళే అందుకుని పాడేశారు. మనసు కాస్త చివుక్కుమంది. కానీ ఆ పూట అన్నం రుచిగా ఉంది.

జేమ్స్‌తో పెన్‌డ్రైవ్ అని చిన్న బిళ్ళ పంపుతున్నాను. అయ్యగారిదే, తిరిగి ఇవ్వాలి. పక్కన ఉండే సన్న కన్నంలో గుచ్చాలట. పాటలన్నీ ఉన్నాయి. పాట కానిది ఒకటి ఉంది. జులైలో నువ్వు రాసిన నాలుగు మాటలకి జవాబు అదే.

మీ అత్త,
వరమ్మ.


తాడేపల్లిగూడెం,
12 సెప్టెంబరు 2007.

అత్తా,

వందనాలు. ఈసారి నిజంగా.

బిళ్ళ అందింది. కాటా కంప్యూటర్‌కి గుచ్చాను. పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఆ వరసలో ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఇ, ఎస్, తర్వాత ఆరు, తర్వాత బి, తర్వాత నాలుగు. గుమస్తా చూసి, "ఇదేంటోయ్, లారీ నంబరా?" అన్నాడు. కాదండీ, నా పేరు అన్నాను.

ఓ ఉండాల్సిన చోట ఆరు. యూ ఉండాల్సిన చోట నాలుగు. పాటల పేర్లలో ఎక్కడా అంకెలు లేవు, ఒక్క నా పేరులోనే ఉన్నాయి. నమ్ లాక్ తీసెయ్యమని నేను రాసింది జులైలో కదా. అంటే అప్పటికే నువ్వు నాది ఎక్కించేశావు. పక్కన తేదీ చూశాను, జూన్. ముందు ప్రయత్నంగా ఏవో నాలుగు మాటలన్నావే, అదే కదూ. ఒక్క పాట కూడా ఎక్కించకముందే.

నాకు ఒక్క మాట మిగల్చలేదని రాశాను. కొట్టెయ్యాల్సింది.

అందులో ఏముందో ఇంకా వినలేదు. మా కాటా గదిలో కంప్యూటర్‌కి స్పీకర్లు లేవు. లారీ బరువు చూడటానికి శబ్దం అక్కర్లేదని పెట్టలేదు. అల్లుడుగారి దాంట్లో వినొచ్చు, కానీ నువ్వు నన్ను ఏమని పిలిచి ఉంటావో ఆయన ముందు వినడం నాకు ఇష్టం లేదు.

శనివారం వస్తున్నాను. ఆదివారం చర్చికి కూడా. గుమ్మం తొక్కనన్న మాట అయ్యగారికి నేనే వచ్చి వెనక్కి తీసుకుంటాను, నువ్వు ముందే చెప్పెయ్యకు. మగవాళ్ళ వైపు జేమ్స్ పక్కన చోటుంచమను.

శనివారం సాయంత్రం ఆ పేరు మీద నువ్వే కొట్టు. ముందు నారింజ దీపం చూసుకో.

నీ
ఏసోబు.